ఐసీయూలో తిండి కుక్కితే బలం రాదు! నానమ్మ లంఖణమే గెలిచింది

నమస్తే! వారం నుంచి మన వరంగల్ వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే వీడియో. "రక్తంలో ఇన్ఫెక్షనా? విటమిన్ సి డ్రిప్ పెట్టించండి, ప్రోటీన్ పౌడర్ పోయించండి, ఇమ్యూనిటీ లేచి కూర్చుంటుంది" అంటాడొకాయన. నాకే ముప్పై మంది పంపారు. ఇక ఆగలేక కెమెరా ఆన్ చేశా.

ఒక్క మాట వినండి. ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతింటే దాన్నే సెప్సిస్ అంటారు. సెప్సిస్‌తో ఐసీయూలో పడ్డ మనిషికి మొదటి వారం తిండి కుక్కితే బలం రాదు. రాదంటే రాదు!

సెప్సిస్‌లో సమస్య ఇమ్యూనిటీ తగ్గడం ఒక్కటే కాదండీ. క్రిముల మీదికి లేచిన ఒంటి సైన్యం అదుపు తప్పి సొంత కిడ్నీలను, ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. మరోపక్క అదే సైన్యం డస్సిపోతుంది. దీన్ని డబ్బా పౌడర్‌తో ఎటు నుంచి పెంచుతావయ్యా?

మా మామయ్య సంగతి చెప్తా. నాట్లప్పుడు కాలికి గాయం, పైగా షుగర్. నాలుగు రోజుల్లో హనుమకొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో ఉన్నాడు. పేరెందుకు లెండి, మందుల చీటీ మీద చీటీ, ప్రోటీన్ డబ్బా మీద డబ్బా! అత్తమ్మ స్టీలు ఫ్లాస్కులో రాగిజావ పట్టుకుని తలుపు దగ్గరే నిలబడింది. "గింతన్న పొయ్యరాదు బిడ్డా, మూడు రోజులాయె" అని నర్సును బతిమాలింది. ఆ అమ్మాయి ఏమీ అనలేదు. ముక్కు గొట్టానికి సిరంజి పెట్టి వెనక్కి లాగింది. పొద్దున పోసిన పాలు విరిగి, ముద్దలు ముద్దలుగా తిరిగొచ్చాయి. పొట్ట కదలడమే లేదు! ఇంకా పోస్తే కక్కుకోవడం, అది ఊపిరితిత్తుల్లోకి పోవడం.

పైగా ఆ సమయంలో ఒళ్లు కండను కరిగిస్తుంటుంది, దాంతో లివర్ తనంతట తనే చక్కెర తయారుచేస్తుంటుంది. మనం పోసినా ఆ పని ఆపదు. షుగర్ ఆకాశానికి పోతుంది, క్రిములను తినే తెల్లకణాలు మందగిస్తాయి. బలం కోసం పోసింది శత్రువుకు దాణా!

రుజువు కావాలా? ఫ్రాన్స్‌లో 61 ఐసీయూలు, 3,044 మంది, అందరూ వెంటిలేటర్ మీద, బీపీ పడిపోయి షాక్‌లో ఉన్నవాళ్లే. ఈ పరిశోధనను న్యూట్రిరియా-3 అంటారు, 2023లో వచ్చింది. సగం మందికి మొదటి వారం కిలోకు రోజుకు 25 కేలరీలు, మిగతా సగానికి 6. అరవై కిలోల మనిషికైతే 1500 ఎక్కడ, 360 ఎక్కడ! చావుల్లో తేడా లేదు. కానీ తక్కువ తిన్నవాళ్లే ఐసీయూ నుంచి బయటపడే స్థితికి ముందు వచ్చారు, వాంతులు, విరేచనాలు కూడా తక్కువ.

ఇక విటమిన్ సి డ్రిప్ గురువుగారూ, 2022లో లోవిట్ అనే పరిశోధనలో 872 మంది సెప్సిస్ రోగుల మీద చూశారు. డ్రిప్ ఎక్కించినవాళ్లలో చనిపోయినవాళ్లు, అవయవాలు కోలుకోనివాళ్లు కలిపి 44.5 శాతం. ఎక్కించనివాళ్లలో 38.5. మేలు సంగతి అటుంచండి, కీడు కనపడింది! గ్లూటమిన్ అనే ప్రోటీన్ ముక్క కథా అంతే. 2013లో అవయవాలు దెబ్బతిన్న ఐసీయూ రోగులకు ఇస్తే చావులు పెరిగాయి.

నా లెక్క ఇది, తిట్టుకుంటే తిట్టుకోండి. జ్వరంలో ఆకలి చచ్చిపోవడం రోగం కాదు, ఒంటి తెలివి. తిండి లేనప్పుడు కణాలు తమలోని చెత్తను తామే తిని శుభ్రం చేసుకుంటాయి. ఆ పని ఎలా జరుగుతుందో కనిపెట్టినందుకే 2016లో జపాన్ శాస్త్రవేత్త ఒసుమికి నోబెల్ ఇచ్చారు. మా నానమ్మ ఏ నోబెల్ లేకుండానే "లంఖణం పరమౌషధం" అంది!

ఆగండాగండి, గొట్టం పీకేయమని ఎవరన్నారు? వీలైతే మూడు రోజుల్లోపే గొట్టం తిండి మొదలుపెట్టమని సెప్సిస్ మార్గదర్శకాలే అంటున్నాయి. కొంచెం కొంచెంగా, డాక్టర్ చూసుకుంటూ. మొదటి వారం దాటాక మాత్రం ప్రోటీన్ కావాలి, కరిగిన కండ ఊరికే రాదు కదా.

మామయ్య పదకొండో రోజు కళ్లు తెరిచి అడిగిన మొదటి మాటేంటో తెలుసా? "పచ్చిపులుసు ఉన్నదా?" అత్తమ్మ ఏడ్చేసింది. అప్పటికి ఇంట్లో సీలు తీయని డబ్బాలు మూడు. మీ ఇంట్లో ఎన్ని మిగిలాయి? కామెంట్లో పెట్టండి, బిల్లుతో సహా.