న్యాయనిర్ణేతల గదిలో: సమకాలీన చిత్రలేఖన పోటీలో బహుమతి ఎలా తేలుతుంది

(దృశ్యం: చీకటి గది. తెర మీద ఒక చిత్రం వస్తుంది, కొన్ని సెకన్లు నిలుస్తుంది, పోతుంది. మరొకటి వస్తుంది.)

నమస్కారం. చిత్రలేఖన పోటీ ఫలితాలు వెలువడినప్పుడు మనకు కనిపించేవి మూడు నాలుగు బహుమతి చిత్రాలు, వాటి పక్కన న్యాయనిర్ణేతలు రాసిన నాలుగు ప్రశంసా వాక్యాలు. ఆ చిత్రాలు అక్కడికి చేరేలోపు ఏ దశలో, ఏ కారణంతో ఎన్ని చిత్రాలు పక్కకు వెళ్లాయో బయటికి రాదు. కొన్ని పోటీలకు న్యాయనిర్ణేతగా కూర్చున్న అనుభవంతో, ఆ గదిలో జరిగే పనిని ఈ వీడియోలో వివరిస్తాను. ఫలితం న్యాయనిర్ణేతల అభిరుచి మీదే ఆధారపడుతుందని చాలామంది అనుకుంటారు. అభిరుచి ఉంటుంది, కాదనను. కానీ చిత్రాన్ని ఎంతసేపు చూశాం, ఏ వెలుతురులో చూశాం, ఏ వరుసలో చూశాం, మార్కులను ఎలా కలిపాం అన్న పద్ధతికి కూడా అభిరుచికి ఉన్నంత బలం ఉందని నేను నమ్ముతున్నాను.

ముందుగా కాలం లెక్క చూద్దాం. ఒక పోటీకి 1000 ఎంట్రీలు వచ్చాయనుకోండి. ఒక్కొక్క చిత్రాన్ని 20 సెకన్లు చూసినా 20,000 సెకన్లు, అంటే సుమారు ఐదున్నర గంటలు పడుతుంది. లండన్‌లోని కళాసంస్థ రాయల్ అకాడమీ 1769 నుంచి ఏటా నిర్వహిస్తున్న వేసవి ప్రదర్శనకైతే ఇప్పుడు పది వేలకు పైగా ఎంట్రీలు వస్తాయి. కనుక తొలి విడత వడపోత ఎక్కడైనా వేగంగానే సాగుతుంది. నెలల తరబడి వేసిన చిత్రానికి దక్కే మొదటి చూపు అరనిమిషం కూడా ఉండదన్నది వినడానికి కష్టంగా ఉంటుంది. అయినా ఈ సంగతి చిత్రకారులకు తెలిసి ఉండాలి, న్యాయనిర్ణేతలు మరచిపోకుండా ఉండాలి.

(దృశ్యం: తెర మీద పక్కపక్కనే రెండు చిత్రాలు, ఒకే పరిమాణంలో. తర్వాత అవే చిత్రాలు గోడ మీద: ఒకటి మనిషికంటే ఎత్తుగా, మరొకటి అరచేతి అంత.)

ఆ మొదటి చూపు చాలా పోటీల్లో అసలు చిత్రం మీద పడదు, దాని ఫొటో మీద పడుతుంది. రెండు మీటర్ల కాన్వాసు, ఇరవై సెంటీమీటర్ల చిన్న చిత్రం, రెండూ తెర మీద ఒకే కొలతకు వస్తాయి. కొలత కింద రాసే ఉంటుంది, కానీ కన్ను అంకెను చదివి చిత్రాన్ని పెంచుకోలేదు. రెండు మీటర్ల చిత్రాన్ని ఇరవై సెంటీమీటర్లకు కుదిస్తే దాని వైశాల్యంలో వందో వంతే మిగులుతుంది. చిత్రకారుడు భుజం నుంచి చేయి తిప్పి వేసిన గీత అక్కడ పెన్సిల్ గీతలా కనిపిస్తుంది. ముదురు రంగు మీద ముదురు రంగు, తెలుపు మీద తెలుపు వేసిన చిత్రాలకు ఇంకా పెద్ద నష్టం జరుగుతుంది, ఎందుకంటే కెమెరా తనంతట తానుగా వెలుతురును సర్దేటప్పుడు ఆ సన్నని తేడాలే ముందుగా మాయమవుతాయి.

అమెరికన్ చిత్రకారుడు ఆడ్ రైన్‌హార్ట్ 1960 నుంచి 1967లో మరణించే వరకు వేసిన నల్లని చిత్రాలను ఇక్కడ గుర్తు చేసుకోవాలి. ఒక్కొక్కటి అయిదడుగుల చదరం. మొదట చూసినప్పుడు అది మొత్తం నలుపే. కొన్ని నిమిషాలు ఎదురుగా నిలబడి కన్ను అలవాటు పడితే, ఆ నలుపులో తొమ్మిది చదరాలు ఉన్నాయని, వాటిలో కొన్ని ఎర్రని నలుపు, కొన్ని నీలి నలుపు, కొన్ని పచ్చని నలుపు అని నెమ్మదిగా తేలుతుంది. ఫొటోలో ఇదంతా దాదాపుగా కనిపించదు. ఇరవై సెకన్ల తెర పరీక్షకు ఇటువంటి చిత్రం వస్తే నల్ల కాగితంగానే వెళ్లిపోతుంది. అందువల్ల తొలి విడతలో నేను ఒక నియమం పెట్టుకున్నాను: ఏమీ లేదనిపించిన ప్రతి చిత్రం దగ్గరా, నిజంగా ఏమీ లేదా, లేక ఫొటోలో రాలేదా అని ఒకసారి ఆగి అడుగుతాను, చిత్రాన్ని తెర నిండా పెంచి ఒక మూలను దగ్గరగా చూస్తాను.

వరుస కూడా ఫలితాన్ని మారుస్తుంది. మొదటి నలభై, యాభై చిత్రాలు చూసేటప్పుడు ఈసారి పోటీ ఏ స్థాయిలో ఉందో ఎవరికీ తెలియదు కనుక మార్కులు బిగపట్టి వేస్తారు. మధ్యాహ్నం దాటాక కళ్లు అలసిపోతాయి. అప్పుడు ప్రశాంతమైన చిత్రం కంటికి ఆనదు, గట్టిగా అరిచే రంగులే నిలబడతాయి. పది నీరసమైన ప్రకృతి దృశ్యాల తర్వాత వచ్చిన ఒక మాదిరి నైరూప్య చిత్రం గొప్పగా తోస్తుంది. నేను మొదటిసారి కూర్చున్న పోటీలో ఈ జాగ్రత్తలేవీ లేవు, ఆ రోజు ఉదయం తోసిపుచ్చిన చిత్రాల్లో కొన్నింటి గురించి నాకు ఇప్పటికీ మనసు ఒప్పదు. దీనికి ఖర్చులేని విరుగుడు ఉంది: ఒక్కో న్యాయనిర్ణేతకు చిత్రాలను వేరు వేరు వరుసల్లో చూపాలి, చివర్లో మొదటి యాభై చిత్రాలను మళ్లీ తెర మీదికి తేవాలి.

(దృశ్యం: ఒక కాగితం మీద రెండు వరుసల అంకెలు. పెన్సిల్ వాటిని కూడుతుంది.)

ఇప్పుడు మార్కుల విషయం. దీని మీద ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే పోటీ నిర్వాహకులు అన్నిటికంటే తక్కువగా ఆలోచించేది దీని గురించే. అయిదుగురు న్యాయనిర్ణేతలు పదికి మార్కులు వేస్తున్నారనుకుందాం. మొదటి చిత్రానికి అయిదుగురూ ఏడేసి వేశారు, మొత్తం 35. రెండో చిత్రానికి పది, పది, తొమ్మిది, మూడు, రెండు వచ్చాయి, మొత్తం 34. అయిదుగురిలో ముగ్గురికి రెండో చిత్రమే ఉత్తమమైనది, మొదటి చిత్రాన్ని ఉత్తమమని ఆ ముగ్గురిలో ఒక్కరూ అనలేదు, అయినా కూడిక మొదటిదాన్నే గెలిపించింది. ఎవరినీ నొప్పించని చిత్రానికి కూడిక ఎప్పుడూ మేలు చేస్తుంది. సమకాలీన చిత్రకళలో కొత్త దారి తొక్కిన చిత్రం సాధారణంగా మనుషులను రెండుగా చీలుస్తుంది కనుక, ఉత్త కూడిక మీద నడిచే పోటీ కొత్తదనానికి తలుపు సగం మూసినట్లే.

దీనికంటే కనిపించని చిక్కు మరొకటి ఉంది. కొందరు ఆరు నుంచి ఎనిమిది లోపలే మార్కులు వేస్తారు. మరికొందరు ఒకటి నుంచి పది వరకు స్వేచ్ఛగా వాడతారు. ఆరు, ఎనిమిది మధ్య తిరిగే న్యాయనిర్ణేత ఒక చిత్రాన్ని ఎంతో గొప్పదని భావించి ఎనిమిది వేసి, దాని పక్కదానికి ఆరు వేశారు. రెండో న్యాయనిర్ణేతకు ఆ రెండింటి మధ్య కొద్దిపాటి తేడానే తోచింది, కానీ అలవాటు ప్రకారం మొదటిదానికి నాలుగు, పక్కదానికి ఏడు వేశారు. కూడితే 12, 13. ఒకరి గట్టి నమ్మకం మీద మరొకరి స్వల్ప మొగ్గు గెలిచింది. ఇందులో మోసం ఏమీ లేదు, అయినా అన్యాయం జరిగింది. అందుకే మార్కులను తొలి వడపోతకే పరిమితం చేయాలని నేను ప్రతి నిర్వాహకుడితోనూ వాదిస్తాను. చివరి విడతలో ఒక్కొక్కరు చిత్రాలను తమ వరుసలో పేర్చి, ఆ వరుసను కారణాలతో సహా వినిపించాలి.

మార్కుల కంటే పాతది, నా దృష్టిలో మెరుగైనది, మరో పద్ధతి ఉంది. రాయల్ అకాడమీ ఎంపికలో తిరస్కరించిన చిత్రానికి ఎక్స్ గుర్తు, తేల్చుకోలేని చిత్రానికి డి గుర్తు వేసే సంప్రదాయం ఉంది. డి అంటే ఇంగ్లిష్‌లో 'డౌట్‌ఫుల్', అంటే సందేహం. ఆ సందేహం గుర్తు పడిన చిత్రాలు వెంటనే పోవు, గోడ మీద చోటు చూసుకుని మళ్లీ పరిశీలనకు వస్తాయి. సందేహానికి ఒక అధికారిక స్థానం ఉండటం న్యాయనిర్ణేతకు పెద్ద ఊరట. తెలియనప్పుడు తెలియదని చెప్పే గడి కాగితం మీద ఉంటే, తొందరపడి కాదనే చేయి కొంత ఆగుతుంది.

(దృశ్యం: పెద్ద హాలు. సహాయకులు చిత్రాలను మోసుకొచ్చి గోడకు ఆనిస్తున్నారు. ఒక చిత్రం వెనుక పేరున్న చోట కాగితం అతికించి ఉంది.)

రెండో విడతలో అసలు చిత్రాలు గదిలోకి వస్తాయి. ఇక్కడి నుంచి పని ఆనందంగా మారుతుంది. ముందుగా సహాయకులు ప్రతి చిత్రం ఏ వైపు పైకి ఉండాలో వెనుక ఉన్న బాణం గుర్తు చూసి సరిచేస్తారు. ఇది చిన్న విషయం కాదు: 1961లో న్యూయార్క్‌లోని మోడరన్ ఆర్ట్ మ్యూజియంలో ఫ్రెంచ్ చిత్రకారుడు మతీస్ కాగితపు చిత్రం 'లె బాతో' 47 రోజుల పాటు తలకిందులుగా వేలాడింది.

ఒకసారి తెర మీద మా అయిదుగురినీ ఒకేలా ఆకట్టుకున్న ఒక మనిషి రూపచిత్రం హాలులోకి వచ్చింది. రెండడుగుల దూరం నుంచి ఏదో తేడాగా అనిపించింది. కుంచె గుర్తులు ఎత్తుగా, మెరుస్తూ ఉన్నాయి, కానీ రంగు ఆ గుర్తుల వెంట నడవడం లేదు. దట్టంగా పూసిన తైలవర్ణంలో కుంచె వెంట్రుకల చాలు ఎటు వెళ్తే రంగు మార్పు అటు వెళ్తుంది. ఇక్కడ చెంప వంపు ఒకవైపు తిరుగుతుంటే చాళ్లు దానికి అడ్డంగా పోతున్నాయి. పక్క నుంచి టార్చి వేసి, భూతద్దం పెట్టి చూస్తే పారదర్శకమైన జెల్ పొర కింద ప్రింటరు సిరా చుక్కలు కనిపించాయి. అది కాన్వాసు మీద ముద్రించిన ఫొటో, పైన పూత మాత్రమే చేతిది. ముద్రణను వాడటం తప్పు కాదు, ఎందరో మంచి చిత్రకారులు వాడతారు. కానీ ఎంట్రీ పత్రంలో 'కాన్వాసుపై తైలవర్ణం' అని రాసి ఉంది, ఆ మాట నిజం కాదు కనుక దాన్ని పక్కన పెట్టక తప్పలేదు.

అదే రోజు దీనికి సరిగ్గా ఎదురు అనుభవం కూడా కలిగింది. తెర మీద ఉత్త బూడిదరంగు దీర్ఘచతురస్రంలా ఉండి, ఒకే ఒక్కరి సందేహం గుర్తుతో బతికి బయటపడిన ఒక చిన్న చిత్రం వచ్చింది. ఎదుటి నుంచి అప్పుడూ బూడిదే. కానీ పక్కకు వెళ్లి కాన్వాసు అంచు చూస్తే అక్కడ తుప్పు ఎరుపు, దాని మీద నీలం, ఆ పైన ఆకుపచ్చ, ఒకదాని మీదుగా ఒకటి కారి ఎండిన చారలు ఉన్నాయి. చిత్రకారుడు ఆ చిత్రాన్ని వేసి, గీకి, మళ్లీ వేసి, మళ్లీ గీకి, చివరికి ఆ బూడిద దగ్గరకు చేరుకున్నాడు. మళ్లీ ఎదుటికి వచ్చి చూస్తే, గీకిన చోట్ల ఆ ఎరుపు లోపలి నుంచి వెచ్చగా ఊపిరి తీస్తున్నట్లు కనిపించింది. ఆ ఒక్క సందేహం గుర్తు లేకపోతే దాన్ని మేం చూసి ఉండేవాళ్లమే కాదు.

(దృశ్యం: బల్ల చుట్టూ న్యాయనిర్ణేతలు. మధ్యలో నియమావళి కాగితాలు.)

పేర్లు దాచడం గురించి రెండు మాటలు. లివర్‌పూల్‌లో 1957లో మొదలైన జాన్ మూర్స్ చిత్రలేఖన బహుమతికి న్యాయనిర్ణేతలు పేర్లు తెలియకుండానే ఎంపిక చేస్తారు. 2014లో ఆ బహుమతి 1934లో పుట్టిన రోజ్ వైలీకి వచ్చింది. వయసు, చదువు, పేరుప్రతిష్ఠలు కాగితం మీద లేనప్పుడు చిత్రం తన కాళ్ల మీద నిలబడుతుంది. అయితే చేయి తిరిగిన చిత్రకారుడి శైలే అతని సంతకం, దాన్ని కాగితం అతికించి దాచలేం. తన విద్యార్థి చిత్రాన్ని గుర్తుపట్టిన న్యాయనిర్ణేత వెంటనే ఆ మాట చెప్పి, ఆ చిత్రం చర్చ ముగిసే వరకు గది బయట కూర్చోవాలి. మౌనంగా కూర్చుని ఓటు మాత్రం వేయకపోవడం చాలదు, ఎందుకంటే ఆ మౌనం కూడా గదిలో ఒక మాటలాగే పనిచేస్తుంది.

నియమావళిలోని ఒక్క పదం మీద కూడా పెద్ద తగాదా రావచ్చు. ఆస్ట్రేలియాలో రూపచిత్రాలకు ఇచ్చే ఆర్చిబాల్డ్ బహుమతి 1943వ సంవత్సరానికి విలియం డోబెల్ వేసిన జాషువా స్మిత్ చిత్రానికి దక్కినప్పుడు, అది రూపచిత్రం కాదు, వ్యంగ్యచిత్రం అంటూ ఇద్దరు చిత్రకారులు కోర్టుకు వెళ్లారు. 1944లో విచారణ జరిపిన కోర్టు వారి వాదనను కొట్టివేసింది. నేటి పోటీల్లో ఇదే ప్రశ్న వేరే రూపంలో వస్తుంది: కాన్వాసు మీద దారంతో కుట్టింది చిత్రలేఖనమేనా, కుంచె తాకకుండా రంగు పారబోసి చేసింది చిత్రలేఖనమేనా? ఎంట్రీలు పిలవక ముందే తేల్చుకోవలసిన ఈ సంగతిని చిత్రాలు ఎదురుగా పెట్టుకుని తేల్చబోతే, నిర్వచనం పేరుతో నచ్చనిదాన్ని తోసివేసే అవకాశం దొరుకుతుంది.

చర్చలో నేను గట్టిగా పట్టుబట్టే పద్ధతి ఒకటుంది. ఎవరూ నోరు విప్పక ముందే అందరూ తమ అభిప్రాయాన్ని కాగితం మీద రాయాలి, తర్వాత అందరికంటే చిన్నవారు ముందుగా మాట్లాడాలి, అధ్యక్షులు చివర మాట్లాడాలి. పెద్ద పేరున్నవారు మొదట మాట్లాడితే మిగిలినవారి మాటలన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. చిత్రకారుడు రాసిన వివరణను చిత్రం చూసిన తర్వాతే చదవాలి. ముందుగా చదివితే కన్ను ఆ మాటలనే చిత్రంలో వెతుకుతుంది. చివరి జాబితాలో నేను చూసేవి కొన్నే: ఈ కొలత ఈ ఆలోచనకు ఎందుకు అవసరమైంది, రంగు తన పని తాను చేస్తోందా లేక గీతకు నింపుడుగా మిగిలిందా, చిత్రకారుడికి ఎక్కడ ఆపాలో తెలిసిందా.

వీలైన చోట తుది నిర్ణయాన్ని మరుసటి ఉదయానికి వాయిదా వేయమని కోరతాను. ఆ బూడిదరంగు చిత్రం విషయంలోనూ అదే జరిగింది: మొదటి రోజు సాయంత్రం అది మా వరుసలో ఆరోది, మర్నాడు ఉదయం పగటి వెలుగులో రెండోది. ఆ మధ్యాహ్నం ఎంపిక కాని చిత్రాలను సహాయకులు మళ్లీ కట్టడానికి ముఖం గోడవైపు తిప్పి వరుసగా నిలబెడుతుంటే, మాలో ఒకరు వెళ్లి ఒకదాన్ని తిప్పి చాలాసేపు చూశారు. ఏమీ అనలేదు. వెనుక ఉన్న సంఖ్యను తన పుస్తకంలో రాసుకుని, చిత్రాన్ని జాగ్రత్తగా మళ్లీ గోడవైపు తిప్పారు.

(దృశ్యం: గోడకు ఆనించిన కాన్వాసుల వెనుక భాగాలు. వాటి మీద సంఖ్యలు. వెలుతురు నెమ్మదిగా తగ్గుతుంది.)