నన్నే పిచ్చిదాన్ని చేస్తాండారు

శ్రోతలకు నమస్కారం.

గ్యాస్‌లైటింగ్ అనే మాట ఇప్పుడు మన కడపలో కాలేజీ పిల్లల నోట కూడా వినబడుతోంది. మొదట విన్నప్పుడు నాకు పెళ్లి ఊరేగింపుల్లో నెత్తిన మోసే గ్యాసులైట్లు గుర్తొచ్చాయి. ఈ మాట దీపం నుంచే పుట్టింది కానీ, అది లండన్ దీపం.

1938లో పాట్రిక్ హామిల్టన్ 'గ్యాస్ లైట్' అనే నాటకం రాశాడు. అందులో భర్త బయటికి వెళ్తున్నానని చెప్పి, దొంగచాటుగా అదే ఇంటి పైఅంతస్తుకు చేరి నగలు వెతుకుతుంటాడు. ఇంటి దీపాలన్నిటికీ గ్యాసు ఒకే గొట్టంలో వస్తుంది కాబట్టి, అక్కడ దీపం వెలిగిస్తే కింద భార్య గదిలో దీపం మసకబారుతుంది. కింద కొళాయి తిప్పితే మేడమీద ధార సన్నబడినట్టే. ఆమె చూసింది నిజమే. అతను మాత్రం వస్తువులు తనే దాచి, ఆమె పోగొట్టిందని నిందిస్తూ, మతి తప్పుతోందని నమ్మిస్తాడు. 1944లో ఇది హాలీవుడ్ సినిమాగా వస్తే, భార్యగా నటించిన ఇంగ్రిడ్ బెర్గ్‌మన్‌కు ఆస్కార్ దక్కింది. ఇలా ఎదుటివాళ్లు తమ మతినే శంకించేలా చేయడానికి గ్యాస్‌లైటింగ్ అని పేరొచ్చింది. ఆ మాట బాగా వ్యాపించింది మాత్రం ఈమధ్యే. 2022లో మెరియం వెబ్‌స్టర్ నిఘంటువు దీన్ని ఆ ఏటి మాటగా ఎంచింది.

తెలుగులో ఏమందాం? బుకాయించడం అంటారు కొందరు. నాకు ఒప్పదు. బుకాయించేవాడు తన తప్పు కప్పిపుచ్చుకుంటాడు, అంతే. దబాయిస్తే మన నోరు మూతపడుతుంది, నిజమేదో లోపల తెలుస్తూనే ఉంటుంది. ఇక్కడ ఆ తెలివిడికే ఎసరు పెడతారు. పంచతంత్రంలో ముగ్గురు ధూర్తులు కుక్క, కుక్క అంటే బ్రాహ్మణుడు భుజం మీది మేకను దించేసి పోలేదా, అది దీనికి దగ్గర. కాకపోతే వాళ్లు దారిన పోయేవాళ్లు. ఇంట్లోవాళ్లే రోజూ అంటుంటే?

మన ఆడవాళ్లు దీనికి ఏనాడో మాట పెట్టుకున్నారు: "నన్నే పిచ్చిదాన్ని చేస్తాండారు." నిఘంటువులకెక్కలేదు గానీ, ఇంతకంటే సూటిగా చెప్పడం నాకు చేతకాదు.

అలాగని చారులో ఉప్పెక్కువైందన్న ప్రతి మొగుడి మీదా ఈ ముద్ర వేయకండి. మనిషి నిజంగా మర్చిపోతాడు, పొరబడతాడు. కావాలని, పదేపదే, ఎదుటివాళ్లకు తమ జ్ఞాపకం మీదే నమ్మకం పోయేలా చేస్తే అప్పుడు ఈ మాట. దెబ్బ కనబడదు కదా అని చట్టం వదిలేయలేదు. 2005 నాటి గృహహింస చట్టంలో మానసిక హింస కూడా ఉంది. సాయం కావాలంటే మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయవచ్చు.

నాకు తెలిసిన ఒకామె బీరువాలో పెట్టిన చీటీ డబ్బు మాయమయ్యేది. అడిగితే భర్త, "నువ్వే యాడో పెట్టి మర్చిపోయింటావు. డాక్టరుకు చూపిద్దాం పా" అనేవాడు. నాలుగోసారికి ఆమె పాల లెక్క రాసే క్యాలెండర్ మీదే డబ్బు లెక్కా రాయడం మొదలుపెట్టింది: తేదీ, అయిదు వేలు, రెండో అర.

"ఇదేంది?" అన్నాడట ఒకరోజు.

"పాల లెక్క" అందట ఆమె.