నాలుగో బోరు కంటే ముందు ఒక డ్రమ్ము పెట్టి చూడండి

(నల్లగొండలో ఆదివారం పొద్దున లైవ్‌గా నడిచిన ఫోన్-ఇన్ ప్రోగ్రాం ఇది. నవంబరు చివర, వరి నార్లు పోసుకునే రోజులు. లైన్ కట్టయిన కాల్స్ తీసేశాం, మిగతాది మాట్లాడింది మాట్లాడినట్టే.)

యాంకర్: అందరికీ నమస్కారం. ఈ రోజు మనతో ఒక మేడం ఉన్నారు. ఇటు మన జిల్లాలో, అటు పాలమూరులో ఊళ్లు పట్టుకుని తిరుగుతూ చెరువులు, బోర్లు, తాగే నీళ్ల మీద పనిచేసే స్వచ్ఛంద సంస్థ వాళ్లది. సంస్థ పేరు చెప్పొద్దన్నారు.

గెస్ట్: చెబితే మా ఊళ్లో బోరు ఎప్పుడేస్తరు అని ఫోన్లు మొదలవుతాయి. మేం బోర్లు వేయం. ముందే చెప్తున్నా, తర్వాత తిట్టుకోవద్దు.

యాంకర్: (నవ్వు) సరే, మొదటి కాల్. హలో, ఎక్కడి నుంచి?

మర్రిగూడ రైతు: నమస్తే అన్నా, నమస్తే అక్కా. మర్రిగూడ మండలం. నాకు నాలుగెకరాలుంది. ఇప్పటిదాకా మూడు బోర్లు వేసిన, రెండు ఫెయిల్, ఒకటి మాత్రం పోస్తున్నది, అది కూడా మొన్నటిదాకా రెండించుల నీళ్లు వచ్చేది ఇప్పుడు ఆగి ఆగి పోస్తున్నది. నాలుగోది 800 ఫీట్లకు పోదామనుకుంటున్న. కొబ్బరికాయతో చూసే ఆయన పాయింట్ పెట్టిండు. మీ దగ్గర మిషన్‌తో చూసేటోళ్లు ఉంటే ఒకసారి పంపండి అక్కా.

గెస్ట్: పంపుతాను తమ్మీ, కానీ పాయింట్ పెట్టడానికి కాదు. కొబ్బరికాయ చేతిలో నిలబడ్డా, వేపపుల్ల తిరిగినా కిందున్న రాయి మారదు కదా. మనది గ్రానైట్ నేల. నీళ్లుండేది పైన పొడిబారిన మొరంలో, దాని కింద రాతి పగుళ్లలో. లోతుకు పోతున్న కొద్దీ ఆ పగుళ్లు తగ్గిపోతాయి. 300 ఫీట్లలో దొరకనిది 800లో దొరుకుతుందన్న గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరు, మిషన్ కూడా ఇవ్వదు. పక్క చేనులో ఇంకో బోరుంటే రెండూ ఒకే పగులు నుంచి గుంజుతుండొచ్చు, అప్పుడు నీ కొత్త బోరులో పడేవి ఆయన నీళ్లే.

మర్రిగూడ రైతు: అది నిజమే అక్కా. పక్కోళ్లు బోరేసిన్నుంచే నాది ఆగుతున్నది.

గెస్ట్: చూశావా మరి. ఇంకోటి, వాల్టా చట్టం ఉంది, నీళ్లు, భూమి, చెట్లు కాపాడేందుకు 2002లో వచ్చింది. దాని ప్రకారం కొత్త బోరుకు పర్మిషన్ తీసుకోవాలి, ఊరోళ్లు తాగే నీళ్ల బోరుకు 250 మీటర్ల లోపల వేయడానికి వీల్లేదు. ఎవరూ పట్టించుకోరనుకో, కానీ గొడవయిన రోజు బయటికి తీసేది ఆ కాగితమే.

మర్రిగూడ రైతు: మరి నన్నేం చేయమంటరు? నారు పోసేసిన.

గెస్ట్: ఎంతకు పోశావు?

మర్రిగూడ రైతు: రెండెకరాలకు.

గెస్ట్: (కొంచెంసేపు ఆగి) ఇప్పుడు మోటర్ నడుస్తుందా? 200 లీటర్ల డ్రమ్ము ఉందా ఇంట్లో?

మర్రిగూడ రైతు: మందు కలిపే డ్రమ్ముంది.

గెస్ట్: దాన్ని పైపు కింద పెట్టు, మోటర్ వేసి పావుగంటయ్యాక, వేయగానే కాదు, ఫోన్‌లో సెకన్లు చూసుకుంటూ నింపు. ఎన్ని సెకన్లకు నిండిందో చెప్పు. ఈ ప్రోగ్రాం అయిపోయేలోపు మళ్లీ ఫోన్ చెయ్యి. అప్పుడు మాట్లాడుకుందాం. ఇంచులు అని చెప్పకు, ఇంచులతో లెక్క రాదు నాకు.

యాంకర్: మేడం, ఆయన కొలిచేలోపు, మీరు ఊళ్లల్లో అసలు చేసే పని ఏంటో ఒకసారి చెప్పండి.

గెస్ట్: మొదట చేసేది కొలవడమే. ఊళ్లో వాడకుండా పడి ఉన్న బోరు ఒకటి తీసుకుంటాం, ఫెయిలయిన బోర్లకు కొదవ లేదు కదా. పదిహేను రోజులకోసారి, పొద్దున్నే ఇంకా మోటర్లు ఆన్ కాకముందు, టేపు వేసి నీళ్లు ఎన్ని మీటర్ల కింద ఉన్నాయో చూసి, పంచాయతీ గోడ మీద రాస్తాం. మేం కాదు, ఊళ్లోవాళ్లే. దీన్ని మేం కనిపెట్టలేదు. 2000ల్లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్‌ఏఓ సాయంతో రైతులే భూగర్భజలాలు చూసుకునే ప్రాజెక్టు ఒకటి ఉమ్మడి రాష్ట్రంలో ఏడు కరువు జిల్లాల్లో నడిచింది, నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ అందులో ఉన్నాయి. చదువు రాని ఆడవాళ్లు కూడా టేపు వేసి నంబర్ చెప్పేవాళ్లు. వానాకాలం అయ్యాక ఊరంతా కూర్చుని ఎన్ని నీళ్లున్నాయి, ఏం పంట వేయాలి అని లెక్క గట్టేవాళ్లు. ఇక మేం చేసే మిగతా పనులు, చెరువుకు నీళ్లొచ్చే కాలువలు తీయించడం, బోరు పక్కన ఇంకుడు గుంతలు, బళ్లో నీళ్ల పరీక్ష... అవన్నీ దీని తర్వాతే. ఆ గోడ మీద నంబరు లేకపోతే ఏ గుంత తవ్వినా ఫొటో కోసమే అవుతుంది, నిజం చెప్పాలంటే మా సంస్థ కూడా మొదట్లో అలా చాలా గుంతలు తవ్వింది.

యాంకర్: (నవ్వు) ఇంకో కాల్ ఉంది. అమ్మా, చెప్పండి.

మునుగోడు కాలర్: నమస్తే మేడం. మాది మునుగోడు పక్కన. మా ఇంటికి భగీరథ నల్లా వస్తది. కానీ మా అత్తమ్మ ఆ నీళ్లు చప్పగున్నయి, బోరు నీళ్లే తియ్యగుంటయి అని అవే తాగుతది, పిల్లలకు కూడా అవే పోస్తది. మా పెద్దోడికి తొమ్మిదేళ్లు, పండ్ల మీద పసుపు గీతలొచ్చినయి. చిన్నదానికి నాలుగేళ్లు. నేను కాచి చల్లార్చి ఇస్తున్న. సరిపోతదా?

గెస్ట్: అమ్మా, ఆ పసుపు గీతలు ఫ్లోరైడ్ వల్ల కావచ్చు, రాతి నుంచి బోరు నీళ్లలోకి కరిగే లవణం అది. దానికి కాచడం పనికిరాదు. కాస్తే నీళ్లు ఆవిరైపోతాయి, ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉండిపోతుంది, అంటే మిగిలిన నీళ్లలో ఇంకా చిక్కబడుతుంది. కాచడం విరేచనాల జబ్బులకు మంచిది, దీనికి కాదు. రుచితో కూడా తెలీదు, తియ్యగా ఉన్న నీళ్లలోనే ఎక్కువ ఉండొచ్చు. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉంటే మంచిది, వేరే దారి లేకపోతే 1.5 వరకు. ఆ పైన వద్దు. మీ బోరులో ఎంతుందో కిట్‌తో చూడొచ్చు, చుక్కలు వేస్తే రంగు మారుతుంది. జిల్లాలో గ్రామీణ నీటి సరఫరా వాళ్ల ల్యాబులో కూడా చూస్తారు, సీసా కడిగి ఆ బోరు నీళ్లతోనే రెండుసార్లు తొలిచి పట్టుకెళ్లండి.

మునుగోడు కాలర్: పెద్దోడి పండ్లు మళ్లీ తెల్లగైతయా?

గెస్ట్: ఆ గీతలు వాటంతట అవి పోవమ్మా. పన్ను చిగురు లోపల తయారయ్యేటప్పుడు, అంటే ఎనిమిదేళ్ల లోపు పట్టేది అది. మీ బాబును గురించి భయపడకండి, డెంటల్ డాక్టర్‌కు చూపిస్తే పైపై మరకలు తగ్గించే మార్గాలుంటాయి. నాకు టెన్షన్ మీ చిన్నపాప గురించి. దానికి ఇంకా టైముంది. ఈ రోజు నుంచి తాగడానికీ, అన్నం వండడానికీ, పప్పుకూ నల్లా నీళ్లే. వంటను మర్చిపోతారు అందరూ. పాలు, ఆకుకూరలు, రాగి జావ పెట్టండి, క్యాల్షియం బాగుంటే ఒంట్లోకి ఫ్లోరైడ్ పట్టడం తగ్గుతుంది. చింతపండు పులుసు మానకండి, ఫ్లోరైడ్ మూత్రంలో బయటికి పోవడానికి చింతపండు సాయం చేస్తుందని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు చూశారు. బ్లాక్ టీ, నల్లుప్పు మాత్రం తగ్గించండి.

మునుగోడు కాలర్: అత్తమ్మకు ఎట్ల చెప్పాలె? వినదు.

గెస్ట్: మీరు చెప్పకండి, ఆమెనే కిట్ దగ్గర కూర్చోబెట్టండి. రంగు తన కళ్లతో చూస్తే కోడలు చెప్పినట్టు ఉండదు. మోకాళ్లు పట్టేస్తున్నాయా ఆమెకు? నడుం వంగట్లేదా?

మునుగోడు కాలర్: అవును మేడం, పీట మీద కూర్చుంటే లేవలేదు.

గెస్ట్: అది వయసు వల్లే అయి ఉండొచ్చు, ఫ్లోరైడ్ కూడా అయి ఉండొచ్చు, డాక్టర్‌ను అడగాలి. కానీ అత్తమ్మకు కూడా నల్లా నీళ్లే.

యాంకర్: మేడం, నీళ్లలో ఫ్లోరైడ్ తీసేయడానికి నల్లగొండ టెక్నిక్ అని ఒకటుంది కదా, అది ఎందుకు వాడట్లేదు?

గెస్ట్: 1970ల్లో నీరి అనే జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ తయారుచేసింది, మన ఊరి పేరు పెట్టారు. ఇథియోపియా, టాంజానియాల్లో కూడా ఆ పేరుతోనే తెలుసు, మనకు మంచి పేరో చెడ్డ పేరో మీరే చెప్పాలి. పటిక, సున్నం, బ్లీచింగ్ కలిపి తిప్పి తేర్చడం. పని చేస్తుంది, కానీ రోజూ కొలత ప్రకారం మందు వేసే మనిషి ఉండాలి, అడుగున పేరుకున్న మడ్డిని తీసి ఎక్కడో పారేయాలి. ఆ మనిషికి జీతం ఎవరిస్తారు? అక్కడ ఆగిపోతుంది. ఆర్‌ఓ ప్లాంట్లదీ అదే కథ, పైగా అది వదిలేసే నీళ్లలో ఫ్లోరైడ్ ఇంకా ఎక్కువుంటుంది, దాన్ని మోరీలోకి వదిలితే మళ్లీ భూమిలోకే.

యాంకర్: నెక్స్ట్ దేవరకద్ర నుంచి.

దేవరకద్ర కాలర్: మేడం, మా చెరువుకు నీళ్లొచ్చే కాలువ మీద ప్లాట్లు వేసి రాళ్లు పాతిండ్రు. మీ సంస్థ వచ్చి ఆపగలదా?

గెస్ట్: ఆపలేదు బాబూ. మాకు ఆ అధికారం లేదు, మేమొచ్చి అరిస్తే మీ ఊరి గొడవ మా గొడవ అయిపోతుంది, అంతే. తహసీల్దార్ దగ్గర గ్రామ నక్ష నకలు తీసుకోండి, వాగు, కాలువ దానిలో గీసి ఉంటాయి. ఆ నక్ష చేతబట్టుకుని పదిమంది కాలువ వెంట పై చెరువు అలుగు నుంచి మీ చెరువు దాకా నడవండి, ఎక్కడ పూడ్చారో ఫొటో తీయండి, సోమవారం ప్రజావాణిలో ఇచ్చి రశీదు తీసుకోండి. మనవి గొలుసుకట్టు చెరువులు కదా, పైది అలుగు పోస్తేనే కిందిది నిండుతుంది. పూడిక తీసి కట్ట గట్టిగా చేసి, వచ్చే దారి మూసేస్తే చెరువు లోతైన గుంతయితది తప్ప నీళ్లు రావు.

యాంకర్: ఒక పెద్దాయన లైన్లో ఉన్నారు. బాపూ, చెప్పండి.

నాంపల్లి పెద్దాయన: 1996ల నల్లగొండ ఎంపీ ఎలక్షన్ల నామినేషన్ వేసినోళ్లల్ల నేనొకణ్ణి.

యాంకర్: ఫ్లోరైడ్ నీళ్ల మీద పోరాడిన జలసాధన సమితి అప్పుడా?

నాంపల్లి పెద్దాయన: అదే. 480 మందిమి నిలబడ్డం. బ్యాలెట్ పేపరు పుస్తకమైంది. ఎలక్షన్ వాయిదా పడ్డది. గెలుస్తమని కాదు, మా నీళ్ల గోస ఢిల్లీకి తెలవాలని. ఇప్పుడు కృష్ణ నీళ్లు ఇంటికొస్తున్నయి, సంతోషమే. కానీ మా ఊళ్లె చేతిపంపుకు ఎర్రరంగు ఉండె, తాగొద్దని. ఆ రంగు పోయింది. నల్లా రెండు రోజులు రాకపోతే జనం మళ్ల దాని దగ్గరికే పోతున్నరు. కొత్తగొచ్చిన కూలీలకైతే తెల్వనే తెల్వదు.

గెస్ట్: బాపూ, మీ ఊరి పేరు ప్రోగ్రాం అయ్యాక వీళ్లకు చెప్పండి. ఈ వారంలోనే కిట్ తీసుకుని వస్తాం. రంగు డబ్బా మాత్రం మీరు కొనండి.

నాంపల్లి పెద్దాయన: కొంట. బ్రష్ మా ఇంట్ల ఉన్నది.

యాంకర్: మర్రిగూడ అన్న మళ్లీ లైన్లోకి వచ్చారు! చెప్పన్నా.

మర్రిగూడ రైతు: అక్కా, మూడు నిమిషాల ఇరవై సెకన్లు పట్టింది. మా పిలగాడు ఫోన్ పట్టుకున్నడు.

గెస్ట్: అంటే 200 సెకన్లు. సెకనుకు లీటరు. కాగితం తీసుకో. గంటకు 3,600 లీటర్లు. రోజుకు ఎనిమిది గంటలు ఆగకుండా పోసినా 28,800. నాలుగు నెలలకు దాదాపు 34 లక్షల లీటర్లు. యాసంగి వరికి ఎకరానికి రమారమి 48 లక్షల లీటర్లు కావాలి.

మర్రిగూడ రైతు: ... ఎకరానికే?

గెస్ట్: ఎకరానికే. నువ్వు రెండెకరాలకు నారు పోశావు. ఇది కూడా ఇప్పటి నీళ్లు, మార్చికి ఇంకా దిగుతాయి. 24 గంటల కరెంటు ఉంది కదా అని ఆటో స్టార్టర్ పెట్టుకుని రాత్రంతా నడిపినా బోరులో లేనిది రాదు, ఆగి ఆగి పోస్తే మోటరే కాలుతుంది. ఉందా ఆటో స్టార్టర్?

మర్రిగూడ రైతు: ఉంది.

గెస్ట్: తీసెయ్. ఇక నాలుగో బోరు 800 ఫీట్లకు పోయి ఒకవేళ పడ్డా, ఎక్కువ కాలం రాయిని అంటుకుని ఉన్న నీళ్లవి, ఫ్లోరైడ్ ఎక్కువుండే ప్రమాదం ఉంది. చేనులో పనిచేసే కూలీలు తాగేది ఆ బోరు నీళ్లే కదా.

మర్రిగూడ రైతు: మరి ఆ నారు?

గెస్ట్: అరెకరం నాటు, 24 లక్షలు దానికి పోతాయి. మిగిలిన దానితో జనవరి ఆఖర్లో అరెకరం నువ్వులు వేసుకో. మిగతా భూమి ఈ యాసంగికి వదిలెయ్. కాలువ కింద పొలమున్న వాళ్లెవరైనా నారు కొంటారేమో అడుగు, నారు దొరక్క తిరిగేవాళ్లు ఉంటారు.

మర్రిగూడ రైతు: మా బామ్మర్ది ఉన్నడు హాలియా కాడ. అడుగుత. బోరు బండాయనకు అడ్వాన్స్ ఇచ్చిన అక్కా...

గెస్ట్: ఎంత?

మర్రిగూడ రైతు: ఐదు వేలు.

గెస్ట్: అడిగి చూడు. ఇవ్వకపోతే ఐదు వేలే పోయినయనుకో.

యాంకర్: టైమైపోయింది, లైన్లో ఇంకా ముగ్గురున్నారు, వాళ్లకు మేడం ప్రోగ్రాం తర్వాత ఫోన్ చేస్తారు. అన్నా, ఆ డ్రమ్ము నీళ్లేం చేశావు?

మర్రిగూడ రైతు: బర్రెలకు పోసిన.