కిటికీ పైన ఆగిపోయిన డ్రిల్లు

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ రోజు మనతో ఉన్నది మా బాబాయి. హైదరాబాద్ ఫ్లాట్లలో ఏసీలు, గీజర్లు, అల్మరాలు బిగించడం ఆయన పని. బాబాయ్, పోయిన నెల మియాపూర్ ఇంట్లో కర్టెన్ రాడ్ బిగిద్దామని పక్కింటివాళ్ల డ్రిల్లు తెచ్చుకున్నాను. హాల్లో ఫొటో కోసం రంధ్రం క్షణంలో పడింది. కిటికీ పైన మాత్రం పావుగంట నొక్కినా అర అంగుళం దిగలేదు. మెషిన్ పాడైందా?

బాబాయి: మెషిన్‌కు ఏమీ కాలేదమ్మా. కిటికీ పైన ఉన్నది ఇటుక కాదు, లింటెల్. పై గోడ బరువు మోయడానికి కాంక్రీటుతో పోసిన బీము అది. కర్టెన్ రాడ్ సరిగ్గా దాని మీదకే వస్తుంది. చాలామంది చిన్న డ్రిల్లు చేతులెత్తేసేది అక్కడే.

వ్యాఖ్యాత: కానీ దాని మీద సుత్తి గుర్తు ఉంది కదా?

బాబాయి: ఉంటుంది. అందులో పళ్లున్న రెండు బిళ్లలు ఒకదానిపై ఒకటి రాసుకుంటూ తిరుగుతాయి. ఆ కుదుపే దెబ్బ. నిమిషానికి 40,000 దాటి కూడా కొడుతుంది, కానీ ఒక్కో దెబ్బలో బలం బాగా తక్కువ. వెనక నుంచి నువ్వు నొక్కితేనే పని జరుగుతుంది. ఇటుకకు అది చాలు. కాంక్రీటు కోసం వాడే రోటరీ హ్యామర్ అనే మెషిన్ తీరు వేరు. లోపల పిస్టన్ గాలిని కుదిస్తుంది, ఆ గాలి ఒక ఇనుప దిమ్మను విసిరి, రంధ్రం వేసే పుల్ల, అంటే బిట్టు వెనక కొట్టిస్తుంది. ఇంటి సైజు మెషిన్ నిమిషానికి నాలుగైదు వేల దెబ్బలే వేస్తుంది, కానీ ఒక్కోటి 2, 3 జౌల్స్, అంటే దెబ్బ బలానికి కొలత. కాంక్రీటు లొంగేది ఆ బరువైన దెబ్బకే.

వ్యాఖ్యాత: దుకాణంలో రెండింటినీ హ్యామర్ అనే అంటున్నారు!

బాబాయి: అందుకే రాణీగంజ్ వెళ్లినప్పుడు ముందు మూతి చూడు. తాళంచెవి లాంటి దానితో బిట్టును బిగించే మూడు దవడల చక్ ఉంటే అది మామూలు రకం. బిట్టు దూర్చగానే టక్కున పట్టుకునేది ఎస్‌డీఎస్. దూర్చు, తిప్పు అనే అర్థమున్న జర్మన్ మాటల నుంచి వచ్చిన పేరు అది. ఇంటికి ఎస్‌డీఎస్ ప్లస్ సరిపోతుంది, దాని బిట్టు కాడ 10 మి.మీ. ఉంటుంది. వాట్లు చూసి మురిసిపోకు, జౌల్స్ ఎన్నో అడుగు.

వ్యాఖ్యాత: అయితే అందరూ రోటరీయే కొనాలా?

బాబాయి: గోడ ఏమిటో తెలియకుండా ఏదీ కొనవద్దు. చిన్న రంధ్రం వేసి పొడి చూడు. పైన ప్లాస్టరింగు దాటాక ఎర్రగా వస్తే మట్టి ఇటుక, మామూలు డ్రిల్లు చాలు. బూడిద రంగులో వస్తూ బిట్టు మొరాయిస్తే కాంక్రీటు. ఈ మధ్య కట్టే ఎత్తైన టవర్లలో అల్యూమినియం అచ్చులు పెట్టి గోడలన్నీ కాంక్రీటుతోనే పోస్తున్నారు. అక్కడ రోటరీ లేకపోతే మేకు కూడా దిగదు. లేత బూడిద పొడి మెత్తగా, సులువుగా రాలితే అది ఏఏసీ దిమ్మ, అంటే లోపల గాలి బుడగలుండే తేలికపాటి కాంక్రీటు ఇటుక. దానికి సుత్తి దెబ్బ ఆపేసి తిప్పుడు మాత్రమే వాడు. దెబ్బ వేస్తే రంధ్రం వెడల్పై, స్క్రూ పట్టు కోసం దూర్చే ప్లాస్టిక్ ప్లగ్గు ఊడి వస్తుంది.

వ్యాఖ్యాత: నేను మాత్రం ఒళ్లు బరువంతా వేసి నొక్కాను.

బాబాయి: ఇటుకలో మామూలు డ్రిల్లుకు కాస్త నొక్కాలి. రోటరీని మాత్రం పక్క పిడి పట్టుకుని నిలకడగా ఆనించి ఉంచితే చాలు, ఎక్కువ నొక్కితే దాని దెబ్బే తగ్గుతుంది. మధ్యమధ్య బిట్టు బయటికి లాగి పొడి రానివ్వు. హఠాత్తుగా ఆగి గణగణమంటే లోపల ఇనుప చువ్వ తగిలినట్టు. అక్కడ మొండిగా పోతే బిట్టు మొనలోని కార్బైడ్ అనే గట్టి ముక్క పగిలిపోతుంది, బీములో చువ్వను కోయనూ కూడదు.

వ్యాఖ్యాత: బాత్రూమ్ టైల్స్?

బాబాయి: పై పింగాణీ దాటేవరకు దెబ్బ లేకుండా, టైల్ బిట్టుతో, నెమ్మదిగా. అతుక్కునే టేపు వేస్తే మొన జారదు. అన్నిటికంటే నాకు భయం గోడలోని వైర్లే. స్విచ్‌బోర్డుకు నిట్టనిలువుగా పైన, కింద, అలాగే కుళాయి నిలువు గీతలోనూ ఎప్పుడూ రంధ్రం వేయవద్దు. కళ్లద్దాలు, ఎన్95 మాస్కు తప్పనిసరి. కాంక్రీటు పొడిలో సిలికా ఉంటుంది, అది ఊపిరితిత్తుల్లో చేరి చేసే హాని మళ్లీ నయం కాదు. నాతో పనిచేసే కుర్రాళ్లకు రోజూ చెబుతాను, రుమాలు కట్టుకుంటే చాలదని.

వ్యాఖ్యాత: ప్లగ్గు ఎంత లోతు దిగాలి?

బాబాయి: 8 మి.మీ. ప్లగ్గుకు 8 మి.మీ. బిట్టే. లోతు మాత్రం ప్లగ్గు కంటే 10 మి.మీ. ఎక్కువ. ప్లాస్టరింగు పట్టు ఇవ్వదు, ప్లగ్గు దాన్ని దాటి లోపలి గోడలో కూర్చోవాలి. బిగించే ముందు పొడి ఊది తీసేయాలి.

వ్యాఖ్యాత: ఆదివారం మీ మెషిన్ తెస్తారా?

బాబాయి: తెస్తాను. ఈలోగా నువ్వు వేసిన ఆ రంధ్రంలోకి టార్చి వేసి చూడు. ఇనుము మెరిస్తే బ్రాకెట్టును రెండు అంగుళాలు పక్కకు జరిపి పెన్సిల్‌తో గుర్తు పెట్టి ఉంచు.