తెర మీది చదరంగం: చూసేవారికీ ఒక ఎత్తు

సభకు నమస్కారం.

చదరంగం టీవీకి పనికిరాదనే మాట చాలామంది నోట విన్నాను. ఇద్దరు తలలు వంచుకుని కూర్చుంటారు, అరగంటకు ఒక బంటు ఒక గడి జరుగుతుంది, ఇందులో చూడటానికి ఏముంది అంటారు. దీనికి 1972లోనే జవాబు దొరికింది.

ఆ ఏడాది ఐస్‌లాండ్‌లోని రెయిక్యవిక్‌లో అమెరికా ఆటగాడు బాబీ ఫిషర్, సోవియట్ ఆటగాడు బోరిస్ స్పాస్కీ ప్రపంచ కిరీటం కోసం తలపడ్డారు. కెమెరాలు ఉంటే ఆడనని ఫిషర్ పేచీ పెట్టాడు. న్యూయార్క్‌లో షెల్బీ లైమన్ అనే చదరంగం మాస్టర్ టీవీ స్టూడియో గోడకు పెద్ద బోర్డు తగిలించి, ఎత్తు కబురు అందగానే దాని మీద పావు జరిపేవాడు. రెండు కబుర్ల మధ్య ఒక్కోసారి చాలా సేపు ఏమీ జరగదు. ఆ ఖాళీలో అతిథులతో కలిసి తర్వాతి ఎత్తు ఏమై ఉంటుందా అని తర్కించేవాడు. ఆటగాళ్ల ముఖాలు కనబడకపోయినా జనం కదలకుండా చూశారు. చూసేవారికి ఊహించే పని దొరికింది కనుకే చూశారని నా నమ్మకం.

బీబీసీ 1970లలో మరో దారి తొక్కింది. ఆట ముగిశాక ఆటగాళ్లను కూర్చోబెట్టి, ఫలానా ఎత్తు దగ్గర మనసులో ఏమనుకున్నారో వారి గొంతుతోనే చెప్పించి, ఆటకు జతచేసి చూపించింది. ఎదుటివాడి గుర్రాన్ని చూసి భయపడ్డానని ఒక గ్రాండ్‌మాస్టర్ తన నోటితో ఒప్పుకుంటే, ఆట రానివారికి కూడా ఆ భయం అందుతుంది.

ఈనాటి ప్రసారాల్లో నన్ను బాధపెట్టేది తెర పక్కన కనబడే నలుపు తెలుపుల నిలువు పట్టీ. ఎవరిది పైచేయో కంప్యూటర్ క్షణంలో లెక్కకట్టి అందులో చూపిస్తుంది. ఆటగాడు ఇరవై నిమిషాలు తలపట్టుకుని వెతుకుతున్న జవాబు మనకు ముందే తెలిసిపోతుంది. పొడుపుకథ వేసిన నోటితోనే విడుపు కూడా చెప్పేస్తే పిల్లలు ఎందుకు ఆలోచిస్తారు?

అయితే ఆ పట్టీని పూర్తిగా తీసేయమని నేను అనను. 2024 డిసెంబర్ 12న సింగపూర్‌లో ప్రపంచ కిరీటం కోసం జరిగిన పోటీలో చివరిదైన పద్నాలుగో ఆటను తలచుకోండి. చైనా ఆటగాడు డింగ్ లిరెన్, మన గుకేశ్ చెరి ఆరున్నర పాయింట్ల మీద ఉన్నారు. డ్రా తప్పదనుకున్న స్థితిలో డింగ్ తన 55వ ఎత్తులో ఏనుగును తప్పు గడిలో పెట్టాడు. పట్టీ ఒక్కసారిగా గుకేశ్ ఆడుతున్న నల్లపావుల వైపు ఒరిగింది. పొరపాటు జరిగిందని ప్రపంచానికి తెలుసు, బోర్డు ముందున్న పద్దెనిమిదేళ్ల కుర్రాడికి తెలిసిందా లేదా? అప్పుడు కెమెరా గుకేశ్ ముఖం మీద ఉంది. కళ్లు విప్పారడం, తనను తాను అదుపు చేసుకోవడం, గెలిచాక కన్నీళ్లతో పావులను తిరిగి వాటి గడుల్లో సర్దడం, అన్నీ చూశాం. ఆ సాయంత్రం మా ఇంట్లో చదరంగం రానివారు కూడా లేచి నిలబడ్డారు. ముందు మనల్ని ఊహించనిచ్చి, సమయం చూసి పట్టీని బయటపెట్టే నేర్పు వ్యాఖ్యాతకు ఉండాలి.

ఆ వ్యాఖ్యాత తెలుగులో మాట్లాడాలన్నది నా గట్టి కోరిక. గుకేశ్ చెన్నైలోని తెలుగు కుటుంబంలో పుట్టినవాడు. వరంగల్ బిడ్డ అర్జున్ ఇరిగేశి ఆటగాళ్ల బలాన్ని కొలిచే రేటింగ్‌లో 2800 దాటాడు. కోనేరు హంపి 2019లోనూ, 2024లోనూ వేగంగా ఆడే ర్యాపిడ్ చదరంగంలో మహిళల ప్రపంచ విజేత. ఇంతమందిని ఇచ్చిన భాషలో వారి ఆటను వివరించే గొంతులు ఎన్ని ఉన్నాయి? క్రికెట్టును, కబడ్డీని తెలుగు వ్యాఖ్యానంతో ఇంటింటికీ చేర్చినవారికి ఇది చేతకాని పని కాదు. ర్యాపిడ్, బ్లిట్జ్ ఆటలతో మొదలుపెట్టవచ్చు, అవి త్వరగా ముగుస్తాయి. కానీ నిదానంగా సాగే ఆటను చూసి భయపడవద్దు. నార్వే ప్రభుత్వ టీవీ 2009లో బెర్గెన్ నుంచి ఓస్లో దాకా ఏడు గంటల రైలు ప్రయాణాన్ని మొత్తంగా ప్రసారం చేస్తే జనం చూశారు. తమ దేశపు చదరంగ ఆటగాడు కార్ల్‌సన్ ఆటలనూ అదే టీవీలో గంటల తరబడి చూశారు.

నేను చెప్పదలచింది ఇంతే. ఇప్పుడు ఈ గోడ మీది బోర్డు చూడండి. సింగపూర్ ఆటను రెండువైపులా 54 ఎత్తుల వరకు పేర్చి పెట్టాను. ఎత్తు తెల్లపావులది, మీరే డింగ్. ఫోన్లు పక్కన పెట్టండి. ముందు వరుసలోని అమ్మాయీ, ఏ పావు జరుపుతావు?