నొప్పికి ముందు మాట, తర్వాతే పట్టుకారు

(మిర్యాలగూడలో విశ్రాంత ఉద్యోగుల ముందు ఒక దంతవైద్యురాలి ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

చెంప మీద చెయ్యి పెట్టుకుని వస్తారు, "నొప్పి మేడం" అంటారు. ఎట్లాంటి నొప్పి అంటే "నొప్పంటే నొప్పే" అంటారు. సలపడం, గుంజడం, జివ్వుమనడం, మండడం... మన దగ్గర నొప్పికి ఎన్ని మాటలో! నెలల తరబడి వదలని ముఖం నొప్పుల్లో చాలావాటికి ఎక్స్‌రేలో ఏమీ కనబడదు. అప్పుడు మీరు చెప్పే ఆ మాటే నాకు దారి.

"కరెంటు షాక్ కొట్టినట్టుంది" అన్నారనుకోండి. ఒక పక్కనే వస్తుంది. కొన్ని సెకన్లు, మహా అయితే 2 నిమిషాలు. మొహం కడుక్కున్నా, పళ్లు తోముకున్నా, బస్సు కిటికీలోంచి గాలి తగిలినా జివ్వుమని లేస్తుంది. ఇది ముఖానికి స్పర్శనిచ్చే ట్రైజెమినల్ నరం నొప్పి కావచ్చు. చాలామందిలో మెదడు దగ్గర ఒక రక్తనాళం ఆ నరాన్ని ఒత్తుతూ ఉంటుంది. 50 దాటినవాళ్లలో ఎక్కువ. ఆ నరం కొమ్మలే పళ్లకూ పోతాయి గనక నొప్పి పన్నులోనే ఉన్నట్టుంటుంది. ఒకటి పీకించుకుంటారు, తగ్గదు, పక్కది పీకించుకుంటారు. మూడు మంచి పళ్లు పోగొట్టుకుని వచ్చిన ఒక పెద్దాయన "ఇంకోటి తీసెయ్యమ్మా, పీడ పోతుంది" అని నన్ను బతిమాలాడు. పీకినవాళ్లను తిట్టడం తేలికే. పేషెంటు అంతగా అడిగితే మా చెయ్యి కూడా పట్టుకారు వైపే పోతుంది, ఒప్పుకోవాలి.

దీనికి మామూలు నొప్పి మాత్రలు పనిచేయవు. మూర్ఛకు ఇచ్చే కార్బమజెపిన్ పనిచేస్తుంది. తక్కువ మోతాదుతో మొదలుపెడతారు. మత్తుగా ఉంటుంది, తల తిరుగుతుంది, బండి తీయొద్దు. సోడియం పడిపోవచ్చు గనక రక్తపరీక్షలు చేయించాలి. ఒంటి మీద దద్దుర్లు లేస్తే ఆ రోజే డాక్టరుకు చూపించాలి. అంతేగానీ, నొప్పి తగ్గింది కదా అని మీ అంతట మీరు మందు ఆపొద్దు. ఎమ్మారై ఒకసారి తీయించాలి. మందుకు లొంగకపోతే ఆపరేషన్ ఉంది.

"గుంజుతోంది, పొద్దున లేచేసరికి దవడ బిగుసుకుపోయింది" అంటే లెక్క వేరు. అది దవడ కండరాలది, కీలుది. టెన్షన్‌లో పళ్లు బిగబట్టే అలవాటు దాన్ని పెంచుతుంది. ఊరికే కూర్చున్నప్పుడు పెదాలు కలవాలి, పళ్లు కలవకూడదు. ఇప్పుడే చూసుకోండి... సగం మంది దవడలు వదిలారు, చూశాను! వేడినీళ్ల గుడ్డతో కాపడం పెట్టుకోండి. కొన్ని వారాలు జొన్నరొట్టెను పప్పులో నానబెట్టుకుని తినండి, సకినాలు మనవలకు వదిలేయండి. ఎక్కువమందికి ఇంతతోనే నెమ్మదిస్తుంది. పళ్లు అరగదీయించుకోవడానికి మాత్రం తొందరపడొద్దు.

ఇక మంట. గుట్కా, వక్క నమిలే పిల్లవాడు కూర కారమంటున్నాడంటే కూరను అనుమానించకండి. నోట్లో మూడు వేళ్లు నిలువుగా పడుతున్నాయో లేదో చూడండి. పట్టకపోతే వెంటనే తీసుకురండి, అది క్యాన్సర్‌కు దారితీయవచ్చు. నెలసరి ఆగిన ఆడవాళ్లకు నోరు చూడ్డానికి బాగానే ఉండి నాలుక మండుతుంటే బీ12, ఐరన్, షుగర్, థైరాయిడ్ చూపించాలి. అన్నీ సరిగ్గా ఉన్నా మంట అబద్ధం కాదు, దానికీ వైద్యం ఉంది. "అంతా నీ భ్రమ" అని ఇంట్లోవాళ్లు అనొద్దు.

"ఫ్లోరైడ్ నీళ్ల వల్లేనా మేడం?" అని అడగని నల్లగొండ మనిషి లేడు. ఫ్లోరైడ్ పళ్లకు గారలు తెస్తుంది, ఎముకలను బిగిస్తుంది. ఈ షాక్ నొప్పికి కారణం అది కాదు. కానీ ఒళ్లు నొప్పులకని మెడికల్ షాపులో ఏళ్ల తరబడి కొనుక్కునే మాత్రలు కిడ్నీలను దెబ్బతీస్తాయి, జాగ్రత్త.

ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాల్సినవి చెప్తాను. రెండు వారాలకూ మానని పుండు, ముఖం మొద్దుబారడం, కణత నొప్పితో చూపు మసకబారడం. నడిస్తే వచ్చి కూర్చుంటే తగ్గే దవడ నొప్పి గుండెది కావచ్చు, నా దగ్గరికి కాదు, ముందు గుండె డాక్టరు దగ్గరికి వెళ్లండి.

వచ్చేటప్పుడు ఒక కాగితం మీద నొప్పి ఎప్పుడొస్తుంది, ఎంతసేపుంటుంది, ఏం చేస్తే లేస్తుంది, ఏ మందులు వాడుతున్నారు అని రాసుకురండి. ముందు వరుసలో పెద్దమ్మ చెయ్యెత్తారు. అడగండమ్మా.