అందరూ చదవమనే టెక్ పుస్తకాలు: ఏది ఎవరికి, ఏది ఎప్పుడు

హాయ్ అందరికీ, నమస్తే. ప్రోగ్రామర్లు నలుగురు ఉన్న చోట "ఏదైనా మంచి పుస్తకం చెప్పండి" అని అడిగితే చాలు, టకటకా ఒక పది పేర్లు వచ్చి పడతాయి, ఎక్కడ అడిగినా దాదాపు అవే పేర్లు. ఇవాళ వాటిలో కొన్నింటి గురించి మాట్లాడుకుందాం. చాలావరకు నిజంగా గొప్ప పుస్తకాలే, అందులో నాకేం డౌట్ లేదు. కాకపోతే లిస్ట్ ఇచ్చేవాళ్ళు ఏది ఎప్పుడు చదవాలో మాత్రం చెప్పరు. ప్రతి పుస్తకం ఏదో ఒక ప్రశ్నకి జవాబుగా రాస్తారు కదా, ఆ ప్రశ్న మన బుర్రలో ఇంకా పుట్టనే లేదనుకోండి, జవాబు ఎంత బాగా రాసినా ఎక్కదు, యాభై పేజీలు చదివి పక్కన పెట్టేస్తాం, పెట్టేసి "నాకంత తెలివి లేదేమోలే" అని డిసైడ్ అయిపోతాం. మంచి మంచి కుర్రాళ్ళు ఇట్లా అనుకోవడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. అందుకే ఇందులో స్టార్లు, రేటింగులు ఏం లేవు, ఏ పుస్తకం ఎవరికి పనికొస్తుందో అదే చెప్తా.

మొదట కోడ్. చార్లెస్ పెట్జోల్డ్ రాశారు, 1999లో వచ్చింది, 2022లో రెండో ఎడిషన్ వచ్చింది, తీసుకునేటట్టయితే రెండోదే తీసుకోండి, ప్రాసెసర్ లోపల ఏం జరుగుతుందో చెప్పే భాగం అందులో బాగా పెంచారు. ఈ పుస్తకం వెనకున్న ప్రశ్న చాలా సింపుల్: కరెంటుతో నడిచే ఈ డబ్బాకి కూడికలు ఎట్లా వచ్చాయి? ఇద్దరు ఫ్రెండ్స్ రాత్రిపూట టార్చ్ లైటుతో సైగలు చేసుకోవడంతో మొదలుపెట్టి, మోర్స్ కోడ్, బ్రెయిలీ, అక్కణ్ణుంచి బల్బు బ్యాటరీ స్విచ్, అక్కణ్ణుంచి టెలిగ్రాఫ్ దాకా మెల్లగా తీసుకెళ్తారు. ఇక్కడ నాకు బాగా నచ్చిన చోటు ఒకటుంది. టెలిగ్రాఫ్ వైరు మరీ పొడుగైతే సిగ్నల్ నీరసపడిపోతుంది కదా, దానికోసం రిలే పెట్టారు, అంటే వచ్చిన కొద్దిపాటి కరెంటు ఒక ఎలక్ట్రోమాగ్నెట్‌ని లేపుతుంది, అది ఇంకో స్విచ్‌ని లాగుతుంది, ఆ స్విచ్ కొత్త బ్యాటరీ నుంచి ఫ్రెష్‌గా కరెంటు ముందుకి పంపుతుంది. అంతే, మనిషి చెయ్యి పెట్టకుండా స్విచ్‌ని స్విచ్చే నొక్కింది! ఇక రెండు రిలేలు వరసగా కలిపితే రెండూ ఆన్ అయితేనే బల్బు వెలుగుతుంది, అది యాండ్ గేట్. పక్కపక్కన కలిపితే ఏ ఒక్కటి ఆన్ అయినా వెలుగుతుంది, అది ఆర్ గేట్. ఈ గేట్లనే తిప్పి తిప్పి కలిపి రెండు నంబర్లు కూడే సర్క్యూట్ మన కళ్ళ ముందే కట్టేస్తారు, తర్వాత మెమరీ, తర్వాత ప్రాసెసర్. ఏదో మాయలా ఉన్నది కాస్తా అక్కడితో మాయ కాకుండా పోతుంది. ఇది ఎవరైనా చదవొచ్చు, ప్రోగ్రామింగ్ ఒక్క ముక్క రాకపోయినా పర్లేదు. మధ్యలో సర్క్యూట్ బొమ్మలు వచ్చినప్పుడు మాత్రం పేజీ తిప్పేయకండి, పెన్ను పట్టుకుని కరెంటు ఎటు వెళ్తుందో గీసుకుంటూ చదవండి.

ఇప్పుడు డిజైనింగ్ డేటా ఇంటెన్సివ్ అప్లికేషన్స్, మార్టిన్ క్లెప్‌మన్, 2017. ఇంటర్వ్యూ ప్రిపరేషన్‌కి ఇది చదవమని అందరూ చెప్తారు, నేను మాత్రం అందుకోసం చదవొద్దంటా. మీ డేటాబేస్ మీకు ఒక్కసారైనా షాక్ ఇచ్చాక చదవండి, అంటే యూజర్ ఏదో సేవ్ చేశాడు, రీఫ్రెష్ కొడితే కనపడట్లేదు, లాగ్స్‌లో ఎర్రర్ లేదు, ఎందుకో ఎవరికీ తెలీదు, అలాంటి అనుభవం ఒకటి అయ్యాక రెప్లికేషన్ (ఒకే డేటాని చాలా మెషీన్లలో కాపీలుగా ఉంచడం) చాప్టర్ తెరిస్తే ప్రతి లైనూ మీ గురించే రాసినట్టుంటుంది. ట్రాన్సాక్షన్స్ (కలిపి ఒకే పనిగా జరగాల్సిన డేటాబేస్ మార్పులు) చాప్టర్‌లో ఒక ఉదాహరణ చెప్తా చూడండి. హాస్పిటల్‌లో ఆన్ కాల్ డ్యూటీలో కనీసం ఒక్క డాక్టరైనా ఉండాలని రూల్. ఇద్దరు డాక్టర్లు డ్యూటీలో ఉన్నారు, ఇద్దరికీ ఒంట్లో బాలేదు, ఇద్దరూ ఒకేసారి సెలవు బటన్ నొక్కారు. సాఫ్ట్‌వేర్ ఇద్దరి దగ్గరా చెక్ చేసింది, "డ్యూటీలో ఇద్దరున్నారా? ఉన్నారు, అయితే ఒకరు వెళ్ళొచ్చు" అని ఇద్దరికీ ఓకే చెప్పేసింది. ఇప్పుడు డ్యూటీలో ఎవ్వరూ లేరు. విడివిడిగా చూస్తే ఏ ట్రాన్సాక్షనూ తప్పు చేయలేదు, టేబుల్‌లో ఎవరి రో (వరస) వాళ్ళే మార్చుకున్నారు, ఒకళ్ళది ఒకళ్ళు చెరిపింది కూడా లేదు, అయినా రూల్ పోయింది! దీన్ని రైట్ స్క్యూ అంటారు, స్నాప్‌షాట్ ఐసొలేషన్, అంటే ప్రతి ట్రాన్సాక్షన్‌కీ అది మొదలైనప్పటి డేటా ఫోటోలా కనపడే ఏర్పాటు, అది పెట్టుకున్నా ఇది ఆగదు. ఇది చదివాక మీరు రాసిన కోడ్‌లో "ముందు చెక్ చెయ్, తర్వాత అప్‌డేట్ చెయ్" అని ఉన్న ప్రతి చోటా ఆగి చూస్తారు, గ్యారంటీ. పుస్తకం లావు చూసి భయపడకండి, వరసగా చదవక్కర్లేదు కూడా, మీకు దెబ్బ తగిలిన చాప్టర్‌తోనే మొదలుపెట్టండి.

టీమ్‌లో పనిచేస్తున్నవాళ్ళకి, ముఖ్యంగా ఇప్పుడిప్పుడే లీడ్ అయినవాళ్ళకి, ద మిథికల్ మ్యాన్ మంత్. ఫ్రెడ్ బ్రూక్స్, 1975. ఈయన 1960లలో ఐబీఎంలో ఓఎస్ 360 అనే పెద్ద ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాజెక్ట్ నడిపించారు, అది బాగా లేట్ అయ్యింది, ఆ అనుభవంలోంచి పుట్టిన పుస్తకం ఇది. అందరికీ తెలిసిన పాయింట్ ఏంటంటే, లేట్ అయిన ప్రాజెక్ట్‌లోకి కొత్తగా మనుషుల్ని దింపితే అది ఇంకా లేట్ అవుతుంది. ఎందుకంటే కొత్తవాళ్ళకి నేర్పడానికి పాతవాళ్ళు పని ఆపాలి, పైగా ఐదుగురుంటే మాట్లాడుకోవాల్సిన జతలు 10, అదే పది మంది అయితే 45. మనుషులు డబుల్ అయితే మాటలు నాలుగున్నర రెట్లయ్యాయి. కొన్ని చాప్టర్లు బాగా పాతబడ్డాయి, మైక్రోఫిష్ (పేజీలని బాగా చిన్నవి చేసి ఫిల్మ్ మీదకి ఎక్కించడం) గురించి రాసిన పేజీలు హ్యాపీగా దాటేయొచ్చు. కానీ నేను ఈ పుస్తకాన్ని గౌరవించే కారణం వేరే ఉంది. 1995లో వచ్చిన ఎడిషన్‌లో ఆయన ఇరవై ఏళ్ళ కింద తను చెప్పిన మాటలన్నీ ఒక్కొక్కటీ బయటపెట్టి, ఇది నిలబడింది, ఇది నిలబడలేదు అని తనే లెక్క తేల్చారు. ఒక మాడ్యూల్ (ప్రోగ్రామ్‌లో ఒక విడి భాగం) లోపలి సంగతులు మిగతావాళ్ళకి కనపడకుండా దాచాలని డేవిడ్ పార్నస్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త అంటే 1975లో ఈయన ఒప్పుకోలేదు, 1995లో మాత్రం పార్నసే కరెక్ట్, నాదే తప్పు అని ఓపెన్‌గా రాసేశారు. అప్పటికే అంత పేరున్న మనిషి అట్లా రాయడం ఎంత పెద్ద విషయమో ఆలోచించండి. అందుకే పాత కాపీ దొరికినా వద్దు, 1995దే చదవండి.

క్లీన్ కోడ్ గురించి చెప్పకపోతే కామెంట్స్‌లో అడుగుతారు కాబట్టి త్వరగా చెప్పేస్తా. 2008లో రాబర్ట్ మార్టిన్ రాశారు. పేర్లు సరిగ్గా పెట్టడం గురించి చెప్పింది బావుంటుంది, కొత్తగా చేరినవాళ్ళకి పనికొస్తుంది. ఫంక్షన్లని మరీ ముక్కలు ముక్కలుగా కోసేయమనే సలహా దగ్గర మాత్రం నాకు పడదు, ఆ ముక్కలన్నీ వెతుక్కుంటూ తిరగడానికే సగం టైమ్ పోతుంది. దీంతో పాటు జాన్ ఊస్టర్‌హౌట్ రాసిన ఎ ఫిలాసఫీ ఆఫ్ సాఫ్ట్‌వేర్ డిజైన్ కూడా చదవండి, చిన్న పుస్తకమే, 2018లో వచ్చింది. బయటికి చిన్న ఇంటర్‌ఫేస్ (వాడేవాళ్ళకి కనపడే భాగం), లోపల బోలెడు పని, అదీ మంచి మాడ్యూల్ అంటే అని ఆయన వాదన. యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఫైళ్ళతో పనిచేసే కాల్స్‌నే చూపిస్తారు, ఓపెన్, రీడ్, రైట్, ఎల్‌సీక్ (ఫైల్‌లో కావాల్సిన చోటికి జరగడం), క్లోజ్, ఈ ఐదింటి వెనక డిస్క్, క్యాషింగ్, పర్మిషన్లు అంత ప్రపంచం దాక్కుని ఉంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివి మీ ఒపీనియన్ మీరే తయారుచేసుకోండి.

నూత్ గారి ద ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్, మొదటి వాల్యూమ్ 1968, ఇంకా రాస్తూనే ఉన్నారు, 4బి వాల్యూమ్ 2022లో వచ్చింది. అందులో తప్పు పట్టిన మొదటి మనిషికి 2.56 డాలర్లు ఇస్తానని ప్రకటించారు, అంటే 256 సెంట్లు, హెక్సాడెసిమల్‌లో (పదహారు ఆధారంగా ఉండే లెక్కలో) సరిగ్గా 100. ఒక్కొక్క అక్షరం మీద అంత శ్రద్ధ! కానీ దీన్ని నవలలా మొదటి పేజీ నుంచి చదవాలని కూర్చుంటే ఒక పట్టాన కొరుకుడు పడదు. సార్టింగ్ మీద లోతుగా తెలుసుకోవాలనిపించిన రోజు మూడో వాల్యూమ్, ర్యాండమ్ నంబర్ల మీద అనుమానం వచ్చిన రోజు రెండోది, అట్లా వాడండి.

మెదడు అలిసిపోయి ఉంటే ద కుకూస్ ఎగ్ చదవండి. క్లిఫర్డ్ స్టోల్, 1989. బర్క్‌లీ ల్యాబ్‌లో పనిచేసే ఖగోళ శాస్త్రవేత్త, 1986లో అకౌంట్స్‌లో 75 సెంట్లు తేడా వచ్చిందేంటి చూడమంటే, ఆ తీగ లాగితే జర్మనీలో కూర్చుని సైనిక కంప్యూటర్లలోకి చొరబడుతున్న హ్యాకర్ దాకా డొంకంతా కదిలింది. లైన్లకి ప్రింటర్లు తగిలించి, వాడు కొట్టే ప్రతి కీ కాగితం మీదకి తెప్పించుకున్నాడు. నిజంగా జరిగిన కథ, కింద పెట్టలేరు.

ఇక అన్నిటికన్నా ఎక్కువ మంది రికమెండ్ చేసేది, ఎక్కువ మంది వదిలేసేది కూడా, స్ట్రక్చర్ అండ్ ఇంటర్‌ప్రిటేషన్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామ్స్. ఎబెల్సన్, సస్‌మన్ రాసిన ఎంఐటీ పుస్తకం, 1985, రెండో ఎడిషన్ 1996, ఆన్‌లైన్‌లో ఫ్రీగానే ఉంది. మూడో చాప్టర్ దాకా అసలు వేరియబుల్ విలువ మార్చడమే ఉండదు, లూప్ కీవర్డ్ ఉండదు, అందుకే కొన్నేళ్ళు కోడ్ రాసినవాళ్ళకే ఎక్కువ చిరాకు వస్తుంది. మొదటి చాప్టర్‌లో ఎక్సర్‌సైజ్ 1.7 ఒక్కటి చేసి చూడండి చాలు. పుస్తకంలో స్క్వేర్ రూట్ కనుక్కునే ప్రోగ్రామ్ ఉంటుంది, ఊహించిన నంబర్ స్క్వేర్‌కీ అసలు నంబర్‌కీ తేడా 0.001 కంటే తక్కువైతే ఆగిపోతుంది. దానికి 0.0001 ఇవ్వండి. రావాల్సింది 0.01, అది ఇచ్చేది దాదాపు 0.032, మూడు రెట్లు పైనే! మనం ఇచ్చిన నంబరే ఆ 0.001 కంటే చిన్నది కదా, అందుకే అది తొందరపడి ఆగిపోయింది. మరి చిన్న నంబర్లకీ మరీ పెద్ద నంబర్లకీ కూడా పనిచేసేలా ఆ ఆగే కండిషన్ ఎట్లా మార్చాలి? స్కీమ్ (ఈ పుస్తకంలో వాడే భాష) రాకపోతే మీకు వచ్చిన భాషలోనే రాయండి, మీ వెర్షన్ కామెంట్స్‌లో పెట్టండి, నేను అన్నీ రన్ చేసి చూసి రిప్లై ఇస్తా.